తీసి పారేయడం కాదు, సరైనది వేయడం

మా రాయగడ మిల్లు కాలనీలో ఒకప్పుడు పెళ్లికైనా, ఆసుపత్రికైనా అంబాసిడర్ కదలనిదే పని జరిగేది కాదు. ఇప్పుడు తిరిగేవి రెండే. అందులో ఒకటి మాది. నాన్న రిటైరైనప్పుడు వచ్చిన పీఎఫ్ డబ్బులో సగం పెట్టి కొన్న పెట్రోలు బండి, 1489 సీసీ ఇంజను. నాన్న పోయాక దాని కిరాయిల మీదే మా ఇల్లు గడుస్తోంది. పాత బండి మీద బతికే మరో నలుగురికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

కిందటి మే నెలలో అయిదుగుర్ని ఎక్కించుకుని కొరాపుట్ పెళ్లికి వెళ్తుంటే, ఘాటీ ఎక్కేటప్పుడు బండి మరిగిపోయింది. పెళ్లివాళ్లు బస్సెక్కి వెళ్లిపోయారు. ఆ కిరాయి పోయింది, మాటా పోయింది.

తిరిగొచ్చాక మేస్త్రీ బానెట్ ఎత్తి ఒక్కమాటలో తేల్చేశాడు. “ఆ థర్మోస్టాట్ తీసి పారేద్దాం తమ్ముడూ. అది చలి దేశాలోళ్లకి. మన ఎండలకి అదెందుకు?” మా బాబాయి ఇంకో అడుగు ముందుకేశాడు. “దాన్ని కాదురా, బండినే ఇనప సామాన్లోడికి తూకానికి ఇచ్చీ. ఆ డబ్బుతో ఆటో కొనుక్కో.” ఇంట్లో రెండు రోజులు అదే మాట. అమ్మ ఏమీ అనలేదు గానీ, రోజూ పొద్దున్నే బండి తుడవడం మానలేదు.

మా పక్కింటి మావయ్య మిల్లులో ముప్పై ఏళ్లు బాయిలర్ దగ్గర చేసినాయన. అంతా విని నవ్వాడు. “ఒరే, వాల్వు చెడితే వాల్వు మారుస్తాం. వాల్వే లేకుండా బాయిలర్ నడుపుతామేటి? ముందు దాన్ని ఉడకబెట్టి చూడు.”

థర్మోస్టాట్ చేసే పని చిన్నదే. లోపల ఒక గుళికలో మైనం ఉంటుంది. ఇంజను నీళ్లు వేడెక్కితే మైనం కరిగి ఉబ్బి తలుపు తెరుస్తుంది. అప్పుడే నీళ్లు రేడియేటర్లోకి పోతాయి. చల్లబడితే స్ప్రింగు ఆ తలుపు మూస్తుంది. అంటే ఇంజను ఇంతకన్నా చల్లగా ఉండకూడదని చెప్పేది థర్మోస్టాట్. ఇంతకన్నా వేడెక్కకుండా చూసేది రేడియేటరూ, ఫ్యానూ, నీళ్ల పంపూ. ఈ తేడా తెలియకే చాలా బళ్లలో దాన్ని పీకేశారు.

పీకేస్తే ఏమవుతుందో మా కాలనీలో రెండో బండి చూపిస్తుంది. చలికాలం పొద్దున్న చాలాసేపు చోక్ లాగి ఉంచాలి. ఇంజను వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కాలని పెట్రోలు ఆయిల్లో కలుస్తుంది, ఆయిల్లో చేరిన తడి ఆవిరి కాక నిలిచిపోతుంది. ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే లోపల మీగడలాంటి తెల్లటి జిగురు. అలా నడిస్తే సిలిండర్లు తొందరగా అరుగుతాయి. మరిగే బాధ తప్పించుకోబోయి ఇంజను పని తెచ్చుకున్నట్టు.

మావయ్య చెప్పినట్టే మాది ఊడదీశాను. మూడు నట్లు, ఒక కాయితం గాస్కెట్టు, అంతే. దాని అంచు మీద 82 అని అచ్చు ఉంది. ఆ వేడి దగ్గర తెరుచుకోవడం మొదలెట్టాలని అర్థం. పూర్తిగా తెరుచుకునేసరికి ఇంకో పది పదిహేను డిగ్రీలు పడుతుంది. తలుపు సందులో దారం ఇరికించి, ఆ దారంతోనే గిన్నెలో నీళ్లలోకి వేలాడదీశాం. పక్కనే థర్మామీటరు, అడుగు తగలకుండా. తలుపు తెరుచుకోగానే దారం జారి అది కింద పడాలి. మాది 82 దాటినా పడలేదు, 90 దాటినా పడలేదు. నీళ్లు తెర్లుతుండగా పడింది. తీసి చూస్తే తలుపు సగమే తెరుచుకుంది.

కొత్తది కొనడానికి విశాఖ వెళ్తే కొట్టువాడి దగ్గర 74, 88 ఉన్నాయి. “74 వేసుకోండి, ఎండలకి చల్లగా ఉంటుంది” అన్నాడు. వేడి ప్రాంతాలకి 74, బాగా చలి ప్రాంతాలకి 88 వాడేవాళ్లున్న మాట నిజమే. కానీ నిండు బరువుతో ఘాటీ ఎక్కేటప్పుడు 74 అయినా 82 అయినా పూర్తిగా తెరుచుకునే ఉంటాయి. అక్కడ కాపాడేది రేడియేటరే. కొరాపుట్ చలిలో పొద్దున్నే బయలుదేరేటప్పుడు మాత్రం 74తో ఇంజను చల్లగానే నడుస్తుంది. అందుకని బండి పాత అచ్చునే నమ్మి 82 కోసం పదిరోజులు ఆగాను. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినా, ఈ ఇంజను ఇంగ్లండు బీఎంసీ వాళ్లది కావడంతో, అదే కుటుంబపు ఇంజన్లున్న పాత ఎంజీ కార్ల కోసం ఇంకా సామాను వస్తోంది. పాతది చేతిలో పట్టుకెళ్లండి. మాది 54 మిల్లీమీటర్ల వెడల్పు. అంచు మందం, ఎత్తు కూడా కొలిచి చూసుకోండి.

ఆ పదిరోజుల్లో రేడియేటర్ విప్పించాం. ఏళ్ల తరబడి పోసిన బోరునీళ్ల సున్నం గొట్టాల్లో గట్టిపడి ఉంది. ఊచలు వేయించి కడిగించి కూలెంటు పోశాం. మూత స్ప్రింగు కూడా వదులైపోతే మార్చాం. ఎత్తుకి వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. సుమారు 870 మీటర్ల ఎత్తున్న కొరాపుట్‌లో 97 డిగ్రీలకే. మూత ఒత్తిడిని పట్టి ఉంచితేనే ఆ మరుగు ఆగుతుంది. వేడి బండి మూత మాత్రం ఎవరూ విప్పకండి, చేతులు కాలిపోతాయి.

బిగించేటప్పుడు మైనం గుళిక ఇంజను వైపు ఉండాలి. అంచులో చిన్న కన్నం ఉంటే అది పైకి రావాలి, గాలి పోవడానికి. గాస్కెట్టు కొత్తదే వేయాలి.

మొత్తం ఖర్చు రెండు కిరాయిల డబ్బు దాటలేదు. ఆ తర్వాత నిండు బరువుతో ఘాటీ నాలుగుసార్లు ఎక్కాను, ముల్లు ఎర్రగీత వైపు పోలేదు. బాబాయి ఇప్పటికీ ఆటో కొనమనే అంటాడు. కానీ వచ్చే నెల పిన్నిని విశాఖలో కంటి ఆపరేషన్‌కి తీసుకెళ్లాలి. దానికి మా బండే చెప్పాడు.