మట్టె కింద పుండు

మా దొడ్డమ్మ కుడికాలు మోకాలి కిందికి తీసెయ్యాలన్నారు. ఆ మాటన్న డాక్టరు పేరు రాయను. ఆయన చెడ్డవాడేం కాదు, తొందరపడ్డాడంతే.

తప్పు మాదీ ఉంది. రెండోవేలికి మట్టె ఒరుసుకుని పుండు పడింది. "నొప్పే లేదు, దానికింత గోలేమిటే!" అనేది దొడ్డమ్మ. పదిహేనేళ్ళ షుగరు నరాల్ని మొద్దుబార్చాక నొప్పెక్కణ్ణించి వస్తుంది? పోనీ మట్టె తియ్యమంటే, పెదనాన్నగారు నిక్షేపంలా ఉండగా ఆ మాటేమిటని పాదం కుచ్చెళ్ళలోకి లాక్కునేది. వేలు నేరేడుపండులా నల్లబడ్డాక కంసాలి వచ్చి కత్తిరించాడు.

"ఇక శుక్రవారం ఒక్కకాలికే పసుపు రాసుకోవాలా?" అంది ఆ రాత్రి. నవలల్లో ఎన్ని ఏడుపులు రాశానో! ఆ మాటకి మాత్రం నాకు జవాబు దొరకలేదు.

ఇంకొకరికి చూపిద్దామని పట్టుబట్టి హైదరాబాదు తీసుకెళ్ళాను. రక్తనాళాల సర్జనుగారు పాదమ్మీద వేళ్ళాన్చి, నాడి అందక, మందు ఎక్కించి ఎక్స్‌రేలు తీయించారు. బి.ఏ.లో చరిత్ర చదివిన నాకోసం చీటీ వెనక బొమ్మ గీశారు. మోకాలి కింది మూడు ధమనులూ పూడిపోయాయి. పాదమ్మీది ధమని మాత్రం తెరుచుకునే ఉంది. షుగరువాళ్ళలో తరచూ ఇంతేనట. సన్ననాళాలే మూసుకుపోతాయి, చేసేదేం లేదన్న పాత నమ్మకం తప్పని అమెరికా డాక్టర్లు 1984లోనే రాశారు.

"మీ కాలి సిరనే తీసి, తిరగేసి, పూడినచోటు దాటించి పాదానికి కలుపుతానమ్మా!"

"తిరగెయ్యడం దేనికి బాబూ?"

సిరలో చిన్న చిన్న తలుపులుంటాయిట. గుండెవైపే తెరుచుకుంటాయి. ఉన్నది ఉన్నట్టు కుడితే రక్తం కిందికి దిగదు. 1948లో పారిస్‌లో కున్లిన్ అనే సర్జను ఇలాగే సిరను తిరగేసి ఒక కాలు నిలబెట్టాడు.

"మా దర్జీ తిరగేసి కుడితే చీవాట్లు పెట్టేదాన్ని," అంది దొడ్డమ్మ. కాలు పోతుందన్న దగ్గర్నుంచి ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

ఆపరేషనైన సాయంత్రం పాదం ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది! రక్తం పారాకే చచ్చిన వేలు తీశారు. ముందే తీసుంటే ఆ గాయం మానేది కాదట. ఈ కొత్తదారీ పూడుకోవచ్చు, రోజూ పాదం చూసుకోమన్నారు.

మట్టె ఇప్పుడు కుంకుమభరిణెలో ఉంది. రాత్రి భోజనాలయ్యాక పెదనాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని దొడ్డమ్మ పాదం ముందు కూర్చుంటారు.

"అయ్యో, నా కాలు మీరు పట్టుకోవడమేమిటి, ఎవరైనా చూస్తే!" అని ఆవిడ చీర లాక్కుంటుంది.

"అమ్మడూ, ఆ లైటు ఇటు జరుపు," అంటారాయన, వేళ్ళ సందులు విడదీసి చూస్తూ.