తొంభై రోజుల లెక్క

34 ఏళ్లపాటు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో గణితం బోధించినవాడిని. ఒక్క అంకె తప్పినా పిల్లల జవాబు పత్రంపై ఎర్రగీత గీసినవాడిని. అలాంటి నేను 65వ ఏట, పరాయి దేశంలో, మూడు నెలలంటే తొంభై రోజులేనని లెక్కగట్టి పొరపాటు చేశాను. దానిని పట్టుకున్నది ఆరో తరగతి చదువుతున్న నా మనుమరాలు.

నా సహధర్మచారిణి 2021లో అల్లాహ్ సన్నిధికి చేరుకుంది. కడపలోని ఇంట్లో నేనూ, ఆమె పెంచిన మల్లెపొదా మిగిలాము. కుమారుడు సౌదీ అరేబియాలోని దమ్మామ్‌లో ఇంజినీరు. “అబ్బా, ఇక మా దగ్గరే ఉండండి” అని ఫోన్ చేసిన ప్రతిసారీ బతిమాలేవాడు. ఉండాలని నాకూ ఉంది. అయితే కొడుకు ఇల్లు ఎంత విశాలమైనా, ఆ ఇల్లు ఉన్న దేశానికి దాని నిబంధనలు దానికుంటాయి. అక్కడ ఉద్యోగికీ, అతని భార్యాబిడ్డలకూ ఇఖామా, అంటే నివాస అనుమతి, లభించినంత సులువుగా తల్లిదండ్రులకు లభించదు. అందుకే చాలామంది పెద్దల్లాగే నేనూ కుటుంబ సందర్శన వీసాపై 2023 జులై 5న దమ్మామ్‌లో దిగాను.

ఆ వీసాలో రెండు సంఖ్యలు ఉన్నాయి. ఒకటి దాని చెల్లుబాటు కాలం: ఒక ఏడాది. రెండోది ఒక్కసారి ప్రవేశిస్తే ఉండదగిన గడువు: 90 రోజులు. మొదటిది చూసి ఏడాదంతా నిశ్చింతగా ఉండవచ్చునని భ్రమపడేవారు అప్పట్లో ఎందరో ఉండేవారు. అది పలుమార్లు ప్రవేశించే వీలున్న వీసా కనుక, 2023లో ప్రతి 90 రోజుల్లోపు ఒకసారి దేశం సరిహద్దు దాటి తిరిగి రావలసి ఉండేది. దమ్మామ్, ఖోబర్ ప్రాంతాలవారికి బహ్రెయిన్ దగ్గర. సముద్రంపై 25 కిలోమీటర్ల పొడవున నిర్మించిన కింగ్ ఫహద్ వంతెన 1986 నుంచి ఆ రెండు దేశాలనూ కలుపుతోంది.

నేను గోడమీది క్యాలెండర్‌లో అక్టోబరు 5వ తేదీ చుట్టూ సున్నా చుట్టాను. ఒకరోజు ముందుగా, 4వ తేదీన వెళ్లి రావాలన్నది మా ఆలోచన. సెప్టెంబరు 29, శుక్రవారం. జుమా నమాజు ముగించి భోజనాలకు కూర్చున్నాము. మనుమరాలు క్యాలెండర్ వైపు చూస్తూ, “దాదా, నెలలన్నీ 30 రోజులవి కావు కదా! మీరు ఎలా లెక్కపెట్టారు?” అని అడిగింది.

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. జులైలో మిగిలినవి 26, ఆగస్టులో 31, సెప్టెంబరులో 30. మొత్తం 87. అంటే 90వ రోజు అక్టోబరు 3. వచ్చిన రోజును కూడా కలుపుకుంటే అక్టోబరు 2. మేము బయలుదేరాలనుకున్న నాటికే గడువు దాటిపోతుంది!

ఆ సాయంత్రం మా వైపువారే ఒక పరిచయస్థుడు ఇంటికి వచ్చారు. విషయం విని నవ్వారు. “రెండు రోజులకు ఇంత కంగారా మాస్టారూ? ఎవరడుగుతారు? ఇది మన ముస్లిముల దేశమే కదా” అన్నారు. ఆ మాట ఒక్క క్షణం తియ్యగానే తోచిందని ఒప్పుకోవాలి. మరునాడు కుమారునికి డ్యూటీ ఉంది. నా కోసం అతడు సెలవు అడగవలసి వస్తుంది. పైగా ఇఖామా ఉన్నవాడు కూడా వెళ్లి తిరిగి రావడానికి అనుమతి తీసుకోవాలి. దానికి 200 రియాళ్లు.

ఇషా నమాజు తరువాత చాలాసేపు నిద్రపట్టలేదు. వీసా అంటే ఏమిటి? ఇంటి యజమాని షరతు చెప్పాడు, నేను ఒప్పుకొని గుమ్మం దాటాను. అది ఒప్పందం. ఒప్పందాలను నెరవేర్చమని దివ్య ఖుర్ఆన్ ఆదేశిస్తోంది. అవతలివాడు నా ధర్మంవాడు కనుక షరతు సడలుతుందని ఎక్కడా లేదు. నిజానికి మన మనిషి దగ్గర మాట తప్పడం మరింత సిగ్గుచేటు. ఇంకొక మాట కూడా గుర్తుకొచ్చింది. నా దరఖాస్తుపై హామీదారు నా కుమారుడు. నా రెండు రోజుల నిర్లక్ష్యానికి జవాబు చెప్పుకోవలసినవాడు అతడు. జీవితాంతం నా హాజరుపట్టీని సరిగా ఉంచుకొని, కొడుకు పేరుమీద ఎర్రగీత గీయించనా?

తెల్లవారుజామున ఫజ్ర్ తరువాత అతనితో, “ఇవాళే వెళ్దాం బాబూ” అన్నాను. “రాత్రే సెలవు అడిగాను అబ్బా” అన్నాడు. ఎందుకు ముందే చెప్పలేదంటే, “మీరే అంటారని తెలుసు” అని తలవంచుకున్నాడు. ఆ ఒక్క వాక్యం నాకు ఏ పదవీ విరమణ సన్మానం కంటేనైనా గొప్పది.

శనివారం అక్కడ సెలవుదినం. వంతెన మధ్యనున్న తనిఖీ ద్వీపంలో కార్లు బారులు తీరాయి. ఎండలో గంటల తరబడి నిరీక్షణ. పక్క కారులో నిజామాబాద్‌కు చెందిన వృద్ధ దంపతులు. చక్కెర వ్యాధి ఉన్న ఆ సోదరి, “ఇది మాకు మూడోసారి భాయ్‌సాబ్. మనవణ్ని చూసుకోవడానికి మూడు నెలలకోసారి సముద్రం దాటుతున్నాం” అంటూ ఖర్జూరాలు అందించారు. చిన్న డబ్బాలో ఇన్సులిన్ పెట్టుకొని, మంచుముద్దలు కరిగిపోతున్నాయేమోనని మాటిమాటికీ తెరిచి చూసుకుంటున్నారు. ముసలితనంలో పిల్లల చెంత ఉండాలన్న చిన్న కోరికకు ఇంత ప్రయాణం ఉంటుందని మన ఊళ్లలో ఎవరికి తెలుసు?

బహ్రెయిన్ ఈ-వీసాను కుమారుడు ముందే తీసి ఉంచాడు కనుక ఇబ్బంది కలగలేదు. మనామాలోని అల్ ఫాతిహ్ మస్జిద్‌లో నమాజు చేసుకొని, భోజనం చేసి, రాత్రికి తిరిగి వచ్చాము. పాస్‌పోర్టుపై కొత్త ముద్ర పడింది. మరో 90 రోజులు.

తిరుగు ప్రయాణంలో ఒక ఆలోచన వెంటాడింది. హనఫీ ఫిఖహ్ ప్రకారం ఒకచోట 15 రోజులు ఉండాలని సంకల్పించినవాడు ముసాఫిర్ కాడు, ముఖీమ్. నమాజులో నేను అక్కడ స్థిరవాసిని, పూర్తి రకాతులు చేసేవాణ్ని. సర్కారు కాగితంలో మాత్రం ఎన్ని నెలలున్నా సందర్శకుణ్ని. రెండూ నిజమే. ఈ లోకంలో బాటసారిలా ఉండమన్న దైవప్రవక్త (స) హితవును చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాను. దాని అర్థం ఆ వంతెన మీద, కార్ల వరుసలో, కొంచెం బోధపడింది.

పిల్లల దగ్గరికి వెళ్లదలచిన పెద్దలకు ఒక విన్నపం. నెలలు లెక్కపెట్టకండి, రోజులు లెక్కపెట్టండి. వచ్చిన రోజును కూడా కలుపుకోండి. గడువుకు పది రోజుల ముందే కదలండి. వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి, కనుక నిరుటి ప్రయాణికుని మాటపై కాక అధికారిక సమాచారంపై ఆధారపడండి. మందులతోపాటు డాక్టరు చీటీ, పాస్‌పోర్టు గడువు, ఆరోగ్య బీమా, పింఛనుదారులైతే ఏటా ఇవ్వవలసిన జీవన ధ్రువపత్రం మరువకండి.

ఏడాది పూర్తికాకముందే నేను కడపకు తిరిగి వచ్చాను. మల్లెపొద ఎండిపోలేదు, పొరుగువారు నీళ్లు పోశారు. బయలుదేరేనాడు మనుమరాలు పాత క్యాలెండర్ కాగితాన్ని మడిచి నా సంచిలో పెట్టింది. అక్టోబరు 5 చుట్టూ నేను చుట్టిన సున్నాను కొట్టివేసి, పక్కన ఎర్ర సిరాతో దిద్దింది: “దాదా, మళ్లీ లెక్క చూసుకోండి.”