పూడిన బావులు



మన అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లే. అదైనా అదనుకు పడదు. అందుకే పెద్దలు ఊరూరా చెరువులు కట్టారు. విజయనగర రాజుల నాటి బుక్కరాయసముద్రం చెరువు ఈనాటికీ మన కళ్లముందుంది. బోర్లు వచ్చాక చాలా ఊళ్లలో చెరువును మరిచిపోయాం. తూములు పూడాయి, వంకల్లో కంపచెట్లు మొలిచాయి. పడిన నాలుగు చినుకులూ నిలవక చివరికి బోర్లు కూడా ఎండాయి.

ఆదికాండము 26వ అధ్యాయం కరువుతోనే మొదలవుతుంది. ఐగుప్తుకు వెళ్లవద్దని దేవుడు ఇస్సాకుతో చెప్పాడు. బెంగళూరుకు కూలికి పోయిన మన బిడ్డలను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. కరువు వచ్చినప్పుడు అబ్రాహాము కూడా ఐగుప్తుకు వెళ్లాడు. ఇక్కడ ఉండిపోయిన ఇస్సాకు ఏం చేశాడో చూద్దాం. అబ్రాహాము కాలంలో తవ్విన బావులను, ఆయన చనిపోయాక ఫిలిష్తీయులు పూడ్చేశారు. ఇస్సాకు వాటినే మళ్లీ తవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే పెట్టాడు (18వ వచనం). లోపల నీరుంది. పైన మన్ను అడ్డం.

మన ఆత్మీయ జీవితంలో అడ్డుపడిన మన్ను ఏది? శెనక్కాయ పంట పోయిన దిగులా? అప్పులవాడి భయమా? తోడబుట్టినవాడి మీద పగా?

మా సంఘంలో ఇద్దరు అన్నదమ్ములు బోరు నీళ్ల కాడ తగవుపడి రెండేళ్లు మాట్లాడుకోలేదు. ప్రభువు బల్లకూ రాలేదు. మేము ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. మొన్న వేసవిలో ఊరంతా కలిసి చెరువు పూడిక తీసినప్పుడు, ఒక ట్రాక్టరు ఒండ్రుమట్టిని తమ్ముడే అన్న చేనికి తోలించాడు. అన్న ఏమీ అనలేదు, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆ ఆదివారం ఇద్దరూ బల్ల దగ్గరికి వచ్చారు.

ఇస్సాకుకూ నీళ్ల తగాదాలు తప్పలేదు. ఏశెకు, శిత్నా అనే రెండు బావులు వదులుకుని ముందుకు వెళ్లాడు. మూడోది రహెబోతు. అక్కడ ఎవరూ కలహించలేదు.

పూడిక తీసినంత మాత్రాన వాన పడదు. వాన దేవుని చేతిలో ఉంది, కృప కూడా అంతే. మనం సంపాదించుకునేది కాదు. అయితే కురిసినది నిలవడానికి చోటు చేయడం మన వంతు. మానేసిన కుటుంబ ప్రార్థన ఈ రాత్రే మళ్లీ మొదలుపెడదాం. మాట్లాడడం మానేసిన మనిషి గడప తొక్కుదాం.

తండ్రీ, మాలో పూడిన బావులను తవ్వే ఓపిక మాకు దయచేయుము. ఆమేన్.