ఇస్తాంబులు వైద్యశాలలు

మనము బీదవానిని గరీబు అందుము. ఈ అరబ్బీ పదమునకు మొదటి యర్థము పరదేశి యని నేను తెలిసికొన్నది టర్కీ దేశమందలి ఇస్తాంబులు నగరమున. కుమారుని యుద్యోగము కారణముగా అచ్చట మూడు మాసములుంటిని. గరీబునకు బహువచనమైన 'గురెబా' పేరిట అక్కడ ఒక వైద్యశాల వెలసినది. సుల్తాను అబ్దుల్ మజీదు తల్లి బెజ్మియాలెం 1845లో ముస్లిం నిరుపేదలకై దానిని నెలకొల్పెను. నేడది విశ్వవిద్యాలయ వైద్యశాల.

ప్రభుత్వ వైద్యశాలలకును ఆ నగరమున కొదువ లేదు. 2020లో తెరచిన 'చామ్ వె సకురా' యందు 2,682 పడకలు గలవు. 182 సంఖ్యకు ఫోను చేసినచో నిపుణుని చూడవలసిన దినమును, వేళను నిర్ణయింతురు. తెల్లవారకమునుపే చీటీకై వరుసలో నిలుచుట యెరిగిన నాకు ఇది వింతయే.

మనుమనికి చెవిబాధ కలుగగా ఆ విధముగనే ఒక ప్రభుత్వ వైద్యశాలకు పోయితిమి. వైద్యురాలు శ్రద్ధగానే చూచెను. చిక్కంతయు మాటతో వచ్చినది. ఆరేండ్ల బాలుడు "పోటు కాదు తాతయ్యా, సలుపు" అనుచుండెను. కోడలి ఫోనులోని అనువాదము రెంటికిని ఒకటే మాట పలికెను. పోటు, సలుపు, మంట, తీపు, మెలి - మనకెన్ని మాటలు! టర్కీ భాషలోను నొప్పికి పలు పేర్లున్నవట. వీనిని వానితో జతపరచువారే లేకపోయిరి. తుదకామె ఒకసారి వ్రేలితో గాలిని పొడిచి, ఒకసారి పిడికిలి ముడిచి విప్పి చూపగా, రెండవదానికి వాడు తల యూపెను.

ఆ నగరమున తరతరములుగా నివసించు అల్పసంఖ్యాకులు ఈ యవసరమును మనకంటె ముందే గ్రహించిరేమో. గ్రీకులు 1753లో బాలిక్లి వైద్యశాలను, ఆర్మీనియనులు 1830 తరువాత సుర్ప్ పిర్గిచ్‌ను, యూదులు 1898లో బాలాట్ పేటయందు ఓర్ అహయిమ్‌ను స్థాపించుకొనిరి. ఓర్ అహయిమ్ అనగా హీబ్రూ భాషలో జీవనజ్యోతి. మూడును నేటికి నడచుచున్నవి, ఇతరులకును వైద్యము చేయుచున్నవి.

మన సంఘములు కల్యాణమండపములు కట్టినవి, గ్రంథాలయములు పెట్టినవి, ఉగాదికి పంచాంగము చదివించుచున్నవి. వైద్యశాలలు కట్టుమనను; అంత ధనము మనకెక్కడిది? రోగి ప్రక్కన నిలిచి రెండు భాషలు పలుకగల యువకులు నలుగురున్న చాలును. కాపురమునకు వచ్చిన అరువదేండ్ల తరువాతను మా అమ్మ బరంపురమున ఒడియా వైద్యునికి తన కడుపులోని మెలి ఎట్టిదో చెప్పలేకపోయెడిది. మా అక్క బడినుండి వచ్చువరకు ఆమె బల్లపై అట్లే కూర్చుండెడిది. అక్క ఆ బడిలో ఉపాధ్యాయిని.