నీటి పులుపు

చారులో పులుపు తెలియడానికి నాలుక చాలు. రొయ్యల తొట్టెలో తెలియాలంటే రంగు కాగితం ముంచాలి.

అబ్బాయి హాస్టలుకి వెళ్తూ ఎర్ర చెర్రీ రొయ్యల్ని నాకప్పగించాడు. దువ్వాడలో మా వంటింటి కిటికీకి ఎదురుగా వాటి కాపరం. ఒక్కోటి అంగుళం ప్రాణి!

కాగితం 7 చూపిస్తే నీళ్లు పులుపూ కాదు, క్షారమూ కాదు. 6.5 నుంచి 8 దాకా వీటికి ఫరవాలేదు. అయితే 7 నుంచి 6కి దిగితే పులుపు పది రెట్లయినట్టే! పైగా పొద్దుటి అంకె సాయంత్రం ఉండదు. రాత్రి పేరుకున్న బొగ్గుపులుసు వాయువు నీటిని పులిపిస్తుంది, పగలు మొక్కలు దాన్ని తినేస్తాయి. అందుకే రోజూ ఒకే వేళకు చూస్తాను.

"నీళ్లన్నీ పారబోసి కొత్తవి పొయ్యవే" అంటారు పక్కింటి పిన్నిగారు. ఆ పనే ప్రాణాంతకమండీ! అంకె కాస్త అటూ ఇటూ అయినా ఓర్చుకుంటాయి. ఉన్నట్టుండి మారితేనే చస్తాయి. వారానికి పదోవంతు నీళ్లే, అదీ నెమ్మదిగా మారుస్తాను.

వాననీటికి పులుపును ఆపే సత్తువ లేదు. అప్పికొండ తీరాన ఏరిన గవ్వలు బాగా కడిగి, నలగ్గొట్టి అడుగున వేశాను. పులుపెక్కితే అవి కరిగి నిలవరిస్తాయి, రొయ్య పెంకుకి సున్నమూ ఇస్తాయి. భీమవరం చెరువుల్లో రైతులు సున్నం చల్లడంలోనూ ఈ కిటుకుంది. మా వారి ఉక్కు కొలిమిలో ఇసుక మలినాన్ని చిట్టెంగా తీసేదీ సున్నపురాయేనట!

ఇప్పుడొక తల్లి రొయ్య కడుపు కింద గుడ్లు మోస్తోంది. పిల్లలు రావడానికి నెల్లాళ్లు. అందాకా ఇంట్లో ఎవరు చిరాకు పడ్డా సరే, నీళ్లు మాత్రం నిలకడగా ఉండాలి.