సి భాషలో మన ఊళ్ల పేర్లు

2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్ జిల్లానుండి వేఱుపడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అను పేర్లలో, సంఖ్య నీయగానే తగినదానిని తిరిగి యిచ్చు ఫంక్షనును సి భాషలో వ్రాయబూనిన విద్యార్థికి పాయింటరుల తత్త్వము తేటతెల్లమగును.

ఫంక్షను పేరును సమగ్రముగా పంపజాలదు; దాని తొలి బైటు చిరునామాను మాత్రమే పంపును. లోకల్ అర్రేలో పేరును కూర్చి ఆ చిరునామా నిచ్చినచో, ఫంక్షను ముగియుటతోడనే ఆ స్థలముపై హక్కు నశించును గావున, అది ఖాళీచేసిన అద్దెయింటికి వ్రాసిన ఉత్తరము వంటిదగును. మార్పులేని పేర్లకు స్ట్రింగ్ లిటరల్ చాలును. అది ప్రోగ్రాము ముగియువఱకు నిలుచును. అప్పటికప్పుడు కూర్పవలసిన పేర్లకైతే మాలాక్‌తో స్థలము కోరి, పని తీరిన పిమ్మట దానిని ఫ్రీ చేయు బాధ్యతను పిలిచిన ఫంక్షనుకు అప్పగింపవలెను.

ఆ స్థలమునైనను కంటికి కనబడు అక్షరములను బట్టి కొలువరాదు: యూటీఎఫ్-8లో గుణింతపు గుర్తులు, పొల్లు సైతము మూడేసి బైట్లగుటచేత, ముగింపు సున్నాతో కలిపి జనగామకు 16, భూపాలపల్లికి 31 బైట్లు వలయును.

ఈ సూక్ష్మములను మన కళాశాలలలో మన ఊళ్ల పేర్లతో, మన లిపిలోనే బోధింపవలెనని నా ప్రగాఢమైన ఆకాంక్ష.