నాన్న, భర్త, సిటీ మేనేజర్

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దున పోర్ట్ హ్యూరన్ అనే ఊరుంది. అక్కడి జేమ్స్ ఫ్రీడ్‌కు కాలేజీ రోజుల నాటి ఫేస్‌బుక్ ఖాతా ఉండేది. స్నేహితుల సంఖ్య ఫేస్‌బుక్ పరిమితి 5,000కు చేరువయ్యే వేళకు దాన్ని అందరూ చూసే పేజీగా మార్చేశాడు. 2014లో సిటీ మేనేజర్ ఉద్యోగం రాగానే ఆ హోదానూ అక్కడే చేర్చాడు. ఫలానా పాపకు నాన్న, ఫలానా ఆవిడకు భర్త, ఫలానా ఊరికి అధికారి. మూడూ ఒకే పరిచయంలో! పేజీ నిండా కూతురి పుట్టినరోజు, పెంపుడు కుక్క, బైబిల్ వాక్యాలు. మధ్యమధ్యలో పడవల రేవు పనుల ముచ్చట్లు.

కరోనా రోజుల్లో మేయరుతో కలిసి హోటల్ భోజనం పార్సిల్ తీసుకెళ్తున్న ఫొటో ఒకటి పెట్టాడు. జనం అల్లాడుతుంటే మీకు ఖరీదైన తిండి కావలసి వచ్చిందా అని ఒక స్థానికుడు నిలదీశాడు. ఫ్రీడ్ అతని కామెంట్లు చెరిపేశాడు, చివరికి మనిషినే బ్లాక్ చేశాడు.

వ్యవహారం అమెరికా సుప్రీంకోర్టుకెక్కింది.

2024 మార్చి 15న జస్టిస్ ఏమీ కోనీ బారెట్ రాసిన ఏకగ్రీవ తీర్పు, అధికారి పేజీలో ఏది సొంత మాట, ఏది సర్కారు మాట అన్న చిక్కుముడిని ఓపిగ్గా విప్పింది. ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం నిజంగా ఉండి, ఆ పోస్టులో దాన్ని వాడుతున్నట్టు కనిపిస్తేనే అది సర్కారు మాట. ఇది నా సొంత పేజీ అని ఒక్క ముక్క రాసుకుని ఉంటే ఫ్రీడ్‌కు గట్టి అండ దొరికేది. అలాగని ఆ ముక్క చాటున ఆఫీసు పనులు నడిపిస్తే చెల్లదు. పైగా కామెంటు చెరిపితే ఆ పోస్టు వరకే లెక్క. బ్లాక్ చేస్తే పేజీ మొత్తం విచారణకు వస్తుంది.

మన దగ్గర తంటా మరో రకం. 2022 ఆగస్టులో బిల్కిస్ బానో సామూహిక అత్యాచార కేసు దోషుల విడుదలపై తెలంగాణ ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్ సొంత ఖాతాలో ఆవేదన వెలిబుచ్చారు. స్త్రీగా, సివిల్ సర్వెంటుగా అంటూ రెండు హోదాలతోనే మొదలుపెట్టారు. అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమావళి 1968 నాటిది, రేడియో కాలపుది. ప్రభుత్వ విధానాన్ని సొంత పేరుతోనే కాదు, మారుపేరుతో విమర్శించినా అది ఒప్పుకోదు.

అందుకే ఐఏఎస్‌లు సొంతానికి, ఆఫీసుకు వేర్వేరు ఖాతాలు పెట్టుకున్నా పెద్దగా ఒరిగేదేమీ లేదు. మిగతా ఉద్యోగులు మాత్రం పాప పుట్టినరోజు ఫొటోలకు ఒకటి, ఆఫీసు కబుర్లకు ఒకటి పెట్టుకోండి. ఎవరినైనా బ్లాక్ చేసే ముందు ఏ ఖాతాలో ఉన్నారో ఒకసారి చూసుకోండి.